కొడిమ్యాల పొలము, డిగ్రీ తరగతి

బి.యస్సీ.లో చేరదలచిన పల్లెటూరి ఆడపిల్లను చూచి ఇరుగుపొరుగువారు అడిగే మొదటి ప్రశ్న, ఆమెకు జీవశాస్త్రమంటే ఇష్టమా అని కాదు. వైద్య కళాశాలలో సీటు ఎందుకు రాలేదని. వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము, రసాయనశాస్త్రము కలిసిన చదువును కళాశాలలవారు బి.జెడ్.సి. అని మూడక్షరాలలో ముగిస్తారు. లోకం ఆ మూడక్షరాలకు చెప్పుకొనే అర్థం వేరు. అది డాక్టరు కాలేకపోయినవారి చదువట! ప్రాణమున్న ప్రతి వస్తువును పరిశీలించే శాస్త్రం, ఒక ప్రవేశపరీక్షలో తప్పినవారు తలదాచుకొనే సత్రంగా మారిపోవడం చిన్న విషయం కాదు. అట్లా చేరిన విద్యార్థి మూడేండ్లూ ఓడినవాని మనస్సుతోనే తరగతిలో కూర్చుంటాడు. వైద్యం చదివికూడ ఎల్లాప్రగడ సుబ్బారావు ప్రపంచఖ్యాతి గడించినది రోగుల నాడి చూచి కాదనీ, ప్రయోగశాలలో జీవకణాల రసాయనాన్ని శోధించి అనీ ఆ విద్యార్థికి చెప్పేవారు అరుదు.

జగిత్యాల జిల్లా కొడిమ్యాల మండలాన్ని ఉదాహరణకు తీసుకొనవచ్చును. 2016 కు ముందు ఇది కరీంనగర్ జిల్లాలోనిది. ఈ మండలంలోని నాచుపల్లిలో 2007 లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంవారి ఇంజనీరింగు కళాశాల వెలసినది. యంత్రవిద్య పల్లె ముంగిటికి నడచి వచ్చినదన్నమాట. జీవశాస్త్రంలో పట్టం కావలెనన్న పిల్లలు మాత్రం జగిత్యాలకో, కరీంనగరానికో బస్సెక్కుతారు. బస్సు కిటికీలో నుంచి వారికి కనిపించేవేమిటి? వరిమళ్లు, మొక్కజొన్న చేలు, పసుపు తోటలు, మామిడి తోపులు, దూరాన కొండగట్టు గుట్టలు, దారిలో చెరువులు, చెరువు గట్టున తంగేడు పొదలు. బస్సు దిగి తరగతిలో కూర్చున్న తరువాత నల్లబల్ల మీద కనిపించేవి లాటిను పేర్లు, ఆంగ్ల నిర్వచనాలు. కిటికీలో చూచినదానికీ బల్లమీద వ్రాసినదానికీ చుట్టరికం ఉన్నదని ఆ పిల్లలకు ఎవరైనా చెప్పుచున్నారా? డిగ్రీ జీవశాస్త్రానికి సంబంధించిన ప్రశ్నలలో ఇది మొదటిది. తక్కినవి దీని తరువాతనే.

లాటిను పేరనగానే అదేదో సముద్రాలకావలి సరుకని విద్యార్థి భయపడతాడు. ఆ పేర్లలో కొన్ని తెలుగునేలనుండి పోయినవే. ధాన్యపు గాదెలను గుల్లచేసే పందికొక్కును శాస్త్రజ్ఞులు బండికోటా అంటారు. ఆంగ్లేయులు పందికొక్కు అనే తెలుగు మాటను తమ నోటికి అనుకూలంగా మార్చి బండికూట్ అన్నారు. దానినే 1873 లో శాస్త్రం ప్రజాతి నామంగా స్వీకరించినది. ఒడలిమీద పసుపు, నలుపు పట్టెలుండే విషసర్పాన్ని ఉత్తర కోస్తాలో బంగారు పాము అనేవారు. కట్లపాము కులానికంతకూ నేడు ఉన్న శాస్త్రీయనామం బుంగారస్. బంగారమే ఆ మాటకు పుట్టిల్లు. చెరువులలో దొరికే వాలుగ చేప పేరు వల్లాగో అనే ప్రజాతిలో నిలిచి ఉన్నది. సోమిద మాను పేరు సోయ్మిడా అయినది. కరీంనగర్ బస్సులో కూర్చున్న పిల్ల, తన అవ్వ నోట విన్న పందికొక్కును పరీక్ష పత్రంలో బండికోటా అని బట్టీపట్టి వ్రాయడము, వ్రాస్తూ అది పరాయి మాట అని వణకడము ఎంత విచిత్రం!

ఈ పేర్లు తామంతట తాము నడచి పోలేదు. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు 1782 లో విశాఖపట్నం వచ్చి, ఈస్టిండియా కంపెనీ ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా పనిచేసి, పాములమీద 1796 లోను, విశాఖ తీరంలో సేకరించిన రెండువందల చేపలమీద 1803 లోను గ్రంథాలు ప్రచురించినాడు. ఆ పాముల పుస్తకంలో ప్రతి బొమ్మకు ఊరివారు చెప్పిన పేరును ఆయన వీలైనంతవరకు పక్కనే వ్రాసి పెట్టుకొన్నాడు. నేడు ఆయన పేరుతోనే ప్రపంచమంతటా వ్యవహరింపబడే రక్తపింజరికి ఆయన పుస్తకంలో ఉన్న పేరు కాటుక రేకుల పొడ. ఆ పాము వెన్నుమీది మచ్చలను ఒక్కసారి చూచినవాడు ఆ పేరు పెట్టిన పల్లెవాని కంటికి నమస్కరింపక మానడు. సామర్లకోటలో 1781 నుండి పన్నెండేండ్లు పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ కూడ అదే పని మొక్కలతో చేసినాడు. స్థానిక చిత్రకారులచేత బొమ్మలు వేయించి, ఆయన వెలువరించిన కోరమండల్ తీరపు మొక్కల గ్రంథంలో 300 చిత్రపటాలున్నవి. మొక్కల వివరణలలో ‘తెలింగ’ పేర్లు ఆయన శ్రద్ధగా ఇచ్చినాడు. వారు కంపెనీ లాభంకోసమే పనిచేసినారు, అది మరువరాదు. కాని వారికి తెలిసిన ఒక్క విషయం నేటి పాఠ్యప్రణాళికలు మరచినవి: ఏ జీవిని గురించి తెలుసుకొనదలచినా, దానితో కలిసి బ్రతికేవారు దానిని ఏమని పిలుస్తారో ముందు అడుగవలెను.

బోధనాభాష కథ ఈ జిల్లాలలో మూడు మలుపులు తిరిగినది. 1918 లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో ప్రారంభమైనది. అంతకు ముందటి ఏడే, శాస్త్రగ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చుటకు హైదరాబాదులో అనువాద శాఖను నెలకొల్పినారు. దేశభాషలో ఉన్నత విద్య సాధ్యమేనని ఆ ప్రయత్నం నిరూపించినది; కాని కరీంనగర్ జిల్లా తెలుగు పిల్లవానికి అదికూడ పరభాషే. 1948 తరువాత ఆ స్థానంలోనికి ఆంగ్లం వచ్చినది. తెలుగు వంతు రావడానికి మరికొన్ని సంవత్సరాలు పట్టినది. 1968 లో తెలుగు అకాడమీ ఏర్పడినది. ఆనాటి విద్యామంత్రి పి.వి. నరసింహారావు దానికి అధ్యక్షులు. ఇంటర్మీడియట్‌కు, ఆ పైన డిగ్రీకి వృక్షశాస్త్ర జంతుశాస్త్ర గ్రంథాలు తెలుగులో వెలువడినవి. అంతకు పూర్వమే, 1906 లో హైదరాబాదులో స్థాపింపబడిన విజ్ఞాన చంద్రికా మండలి శాస్త్రవిషయాలను తెలుగులో వ్రాయించే పనికి పూనుకొని దారి చూపినది.

అకాడమీ పుస్తకాల పరిభాషను ఎగతాళి చేయడం ఒక అలవాటయినది. కొంత ఎగతాళి న్యాయమైనదే. మొక్కలు ఆకుల ద్వారా నీటిని ఆవిరిగా విడిచే పనికి బాష్పోత్సేకము అని పేరు పెట్టినవారు, ఆ మాటను పలుకవలసిన పదునెనిమిదేండ్ల పిల్లవాని నాలుకను తలచుకొన్నట్లు లేదు. కాని అన్ని మాటలూ ఇట్టివి కావు. కణవిభజనలో రెండు రీతులున్నవి. ఆంగ్లంలో వాటిని మైటోసిస్ అనీ, మియోసిస్ అనీ అంటారు. చెవికి రెండూ ఒకటే మాదిరిగా వినిపించి, తరతరాల విద్యార్థులను పరీక్షలో తడబడజేసిన మాటలివి. తెలుగులో మొదటిది సమవిభజన, రెండవది క్షయకరణ విభజన. తల్లికణంలో ఎన్ని క్రోమోసోములుంటే పిల్లకణాలలోనూ అన్నే ఉండటం మొదటిదాని లక్షణం. సగానికి తగ్గడం రెండవదాని లక్షణం. ఆ సంగతి పేరులోనే ఉన్నది. పత్రరంధ్రము అన్న మాట విన్నవాడు సూక్ష్మదర్శిని క్రింద దేనిని వెదకవలెనో చెప్పకయే గ్రహిస్తాడు. కిరణజన్య సంయోగక్రియ పొడవైన మాటే, నిజము. అయినా వెలుగు కిరణాలవల్ల పుట్టే కూడిక అని విడదీసి చెప్పిన ఉపాధ్యాయుడు, పాఠంలో సగం చెప్పినట్లే.

ఇప్పుడు మరల ఆంగ్లపు గాలి వీచుచున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 విద్యా సంవత్సరం నుండి డిగ్రీ కోర్సులన్నింటినీ ఆంగ్ల మాధ్యమంలోనే నడుపవలెనని నిర్ణయించినారు. తెలంగాణలోను డిగ్రీ తెలుగు మాధ్యమపు తరగతులు సన్నగిల్లుచున్నవి. పైచదువులకు, పరిశోధనకు, ఉద్యోగాలకు ఆంగ్లం అవసరమన్న వాదాన్ని తోసిపుచ్చడం పిల్లలకు మేలు చేయడం కాదు. శాస్త్రవ్యాసం చదువలేని శాస్త్ర పట్టభద్రుడు ఎక్కడికి పోతాడు? ఆంగ్లపదం నేర్వవలసినదే. వివాదమంతా క్రమం గురించి. ఎరుగని వస్తువుకు ఎరుగని పేరును ముందు బట్టీపట్టించి, వస్తువును ఎన్నడూ చూపకపోవడం ఒక పద్ధతి. ఎరిగిన వస్తువును చేతిలో పెట్టి, దాని ఊరిపేరు చెప్పించి, దానిలో ఎరుగని సంగతిని చూపి, అప్పుడు శాస్త్రనామం ఇవ్వడం మరొక పద్ధతి. మాధ్యమం ఏదైనా ఈ రెండవ పద్ధతికి అడ్డు రాదు.

ప్రయోగశాల సంగతికి వస్తే, అక్కడ ఒక పెద్ద మార్పు నిశ్శబ్దంగా జరిగిపోయినది. ఒకప్పుడు జంతుశాస్త్ర ప్రయోగశాల అంటే కప్ప. మైనపు పలకమీద కప్పను వెల్లకిల పరచి, గుండుసూదులు గుచ్చి, కడుపు కోసి, ధమనులను గుర్తించి, పెన్సిలుతో రికార్డులో బొమ్మ వేసినవాడే జంతుశాస్త్ర విద్యార్థి. బొద్దింక, వానపాము కూడ ఆ పలకను ఎక్కినవే. ప్రాణిహింసను తగ్గించుటకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2011 లో మార్గదర్శకాలిచ్చి, 2014 లో జంతువుల కోతలను మానివేయవలసినదని ఆదేశించినది. ఆ నిర్ణయం మంచిదే. కప్పలు పంటపురుగులను తింటాయి. ఒకనాడు కప్పకాళ్లు ఈ దేశంనుండి వేల టన్నుల లెక్కన విదేశాల భోజనశాలలకు ఎగుమతి అవుతుండగా, 1987 లో ప్రభుత్వం ఆ వ్యాపారాన్నే నిషేధింపవలసి వచ్చినది.

కాని కోత పోయిన చోట ఏమి వచ్చినది? చాలచోట్ల ఒక బొమ్మ, ఒక ప్లాస్టిక్ నమూనా, ఒక కంప్యూటరు తెర. కప్పను చంపడం మానినవారు బ్రతికి ఉన్న కప్పను చూడడం ఆరంభించి ఉండవలసినది. అది జరుగలేదు. తొలకరి వానలకు చెరువు నిండగానే బోదురుకప్ప మగది నిమ్మపండు రంగు ధరిస్తుంది. గొంతుకు ఇరువైపులా నీలపు సంచులు ఉబ్బుతవి. ఊరంతా వినిపించేటట్లు అరుస్తుంది. కొన్నాళ్లకు ఆ రంగు వెలిసిపోతుంది. ఈ రంగెందుకు? ఎవరికోసం? ఆడది ఏ అరుపును విని ఏ మగదానిని వరిస్తుంది? ఈ ప్రశ్నలకు కత్తి అక్కరలేదు. ఒక లాంతరు, ఒక పుస్తకం, చెరువు గట్టున రెండు రాత్రులు చాలును. వెనుకటి విద్యార్థి ఆ కప్ప గుండెలో గదులను లెక్కించినాడు గాని, అది పచ్చబడటం పాఠంలో భాగమని అతనికెవరూ చెప్పలేదు. నేటి విద్యార్థి గుండెను బొమ్మలో లెక్కిస్తున్నాడు. చెరువు మాత్రం ఎప్పటివలెనే పాఠ్యప్రణాళికకు వెలుపల ఉన్నది.

వృక్షశాస్త్రానికి ఇంకను సులువైన దారి ఉన్నది. ఆశ్వయుజ మాసారంభంలో బతుకమ్మ పండుగకు కొడిమ్యాల ఆడపిల్లలు సేకరించని పూవు లేదు. తంగేడు, గునుగు, బంతి, గుమ్మడి — ఇవి వృక్షశాస్త్రంలోని నాలుగు కుటుంబాలు. తంగేడు పూవులో మకరందం లేదు. అయినా తుమ్మెదలు వస్తవి. దాని కేసరాలన్నీ ఒకే తీరుగా ఉండవు. కొన్ని పొట్టివి, కొన్ని పొడుగువి, కొన్ని ఎందుకూ పనికిరానివి. పరాగకోశం చీలదు, కొనలో చిన్న రంధ్రం మాత్రమే తెరచుకొంటుంది. తుమ్మెద పూవును పట్టుకొని ఒడలు అదరజేస్తే ఉప్పుబుడ్డిలోనుండి ఉప్పు రాలినట్లు పుప్పొడి రాలుతుంది. పొట్టి కేసరాల పుప్పొడి తుమ్మెదకు కూలి. పొడుగు కేసరాలది మరొక పూవుకు చేరవలసిన సరుకు. ఒకే పూవులో రెండు రకాల కేసరాలెందుకన్న ప్రశ్న డార్విన్‌ను చివరి రోజులలో ఆలోచింపజేసినది. అదే పూవును బతుకమ్మ మొదటి వరుసలో పేర్చిన పిల్ల, మరునాడు తరగతిలో పరాగసంపర్కానికి ఉదాహరణగా ఎన్నడూ చూడని ఐరోపా పూవు పేరు వ్రాస్తుంది.

గునుగు ఒక పూవు కాదు, కొన్ని వందల పూవుల కంకి. దాని రేకులు కాగితంవలె పొడిగా ఉంటవి. కనుకనే కోసినా వాడవు, అద్దిన రంగును పట్టుకొంటవి. గుమ్మడిలో మగపూవు వేరు, ఆడపూవు వేరు. ఆడపూవు అడుగున పుట్టుకతోనే చిన్న కాయ ఉంటుంది. ఈ మూడు పూవులతో ఒక ప్రయోగ పాఠం పూర్తి అవుతుంది. ఖర్చు లేదు.

పసుపు సంగతి ఇంకా లోతైనది. జగిత్యాల, కోరుట్ల ప్రాంతం పసుపుకు పేరు పొందినది. రైతు నాటేటప్పుడు పసుపు విత్తనం అంటాడు. అది విత్తనం కాదు, కొమ్ము. కొమ్ము వేరుకూడ కాదు, నేలలో పెరిగే కాండము. దానిమీద కణుపులున్నవి, కణుపుల వద్ద మొగ్గలున్నవి. మరి పసుపు నిజమైన విత్తనం ఎందుకు పెట్టదు? దాని కణాలలో క్రోమోసోముల జట్లు రెండు కాక మూడున్నవి. క్షయకరణ విభజనలో రెండింటిని సరిగా పంచవచ్చును, మూడింటిని పంచలేము. కనుక విత్తనం గట్టిపడదు. ఒక కొమ్మునుండి మరొక కొమ్ము, దానినుండి ఇంకొకటి, ఇట్లు తరతరాలుగా ఒకే మొక్క నకళ్లుగా తోటంతా నిండుతుంది. దుంపకుళ్లు వచ్చినపుడు ఒక తోటలోని మొక్కలన్నీ ఒకే విధంగా లొంగిపోవడానికి ఈ ఏకరూపత ఒక కారణము. క్షయకరణ విభజన ఎందుకు చదువవలెనని అడిగే విద్యార్థికి ఇంతకంటె మంచి సమాధానం ఏ పాఠ్యగ్రంథంలో ఉన్నది? ఆ సమాధానం వాని తండ్రి తోటలోనే ఉన్నది. తండ్రి దానిని విత్తనమని పొరబడలేదు; విత్తనం పనిని అది చేస్తున్నది కనుక ఆ పేరు పెట్టినాడు, అంతే.

అధ్యాపకులు చెప్పే కష్టాలు లేకపోలేదు. ఆరు మాసాల సెమిస్టరులో పాఠాలు ముగిసేసరికే ఊపిరి ఆడదు. ప్రశ్నపత్రంలో తంగేడు రాదు. తరగతిని పొలానికి తీసుకొనిపోవాలంటే అనుమతులు, బస్సు ఖర్చులు, బాధ్యతలు. ఇవన్నీ నిజాలే. అయితే ప్రశ్నపత్రం ఆకాశంనుండి ఊడిపడదు. స్థానిక మొక్కలమీద, స్థానిక పురుగులమీద ఒక ప్రశ్న తప్పనిసరి అని పాఠ్యసంఘాలు ఒక్క తీర్మానం చేస్తే, మిగిలిన పని విద్యార్థులే చేసుకొంటారు. పల్లెనుండి వచ్చే పిల్లవానిని పొలానికి తీసుకొనిపోనవసరం లేదు; వాడు రోజూ అక్కడనుండియే వచ్చుచున్నాడు. వచ్చేటప్పుడు ఏమి తేవలెనో చెప్పితే చాలును.

స్థానిక జ్ఞానం విలువ ఎంతటిదో 1986 లో కడప జిల్లా ఒకమారు లోకానికి చూపినది. జెర్డాన్ కోర్సర్ అని ఆంగ్లేయులు పిలిచే పక్షిని 1848 లో శాస్త్రం వర్ణించినది. 1900 తరువాత దానిని ఏ శాస్త్రజ్ఞుడూ చూడలేదు. అంతరించినదనే భావించినారు. దానికోసం బొంబాయి నుండి వచ్చిన పరిశోధకులు బొమ్మలు చూపి ఊరూరా విచారింపగా, దానిని కలివి కోడి అంటారని, అది రాత్రిపూట తిరుగుతుందని పొదల వేటగాండ్రు చెప్పినారు. చివరకు ఒక వేటగాడే దీపపు వెలుగులో దానిని పట్టి తెచ్చినాడు. ఎనభై అయిదేండ్లు శాస్త్రానికి లేని పక్షి, తెలుగు మాటలో మాత్రం ఎప్పుడూ బ్రతికే ఉన్నది.

కొడిమ్యాల విద్యార్థికి అట్టి అరుదైన పక్షి అక్కరలేదు. వానికి సమీపంలోనే ఒక పురుగు ఉన్నది. దాని పేరు ఉల్లికోడు. దోమంత ఈగ, దాని పిల్లపురుగు వరి పిలకలోనికి దిగి, పెరిగే మొనను చేరుతుంది. అది అక్కడ చేసే పనివల్ల ఆకు ఆకుగా విచ్చుకొనక, ఉల్లికాడవలె తెల్లని గొట్టమైపోతుంది. ఆ పిలక కంకి వేయదు. రైతు పెట్టిన పేరులో ఆ వ్యాధి లక్షణమంతా ఉన్నది. జగిత్యాలకు చేరువలోని పొలాస వ్యవసాయ పరిశోధనా స్థానంవారు ఉల్లికోడును తట్టుకొనే వరి వంగడాలకై పనిచేసినారు. జగిత్యాల సన్నాలు, పొలాస ప్రభ అక్కడ పుట్టినవే. బాపట్లలో రూపొందిన సాంబమసూరి సన్నబియ్యానికి ఎంత పేరున్నా, ఉల్లికోడుకు లొంగిపోయే రకము.

ఇక్కడనే జీవశాస్త్రంలో అన్నిటికంటె ఆసక్తికరమైన ఘట్టం మొదలవుతుంది. తట్టుకొనే వరిని వేయగా వేయగా, కొన్నేండ్లకు ఆ వరిని కూడ తినగల పురుగులు బలపడుతవి. శత్రువు మారినది కనుక మరల కొత్త జన్యువును వెదకవలసి వస్తుంది. వరిలో ఉల్లికోడును ఎదిరించే జన్యువులు ఇంతవరకు పదికి మించి తెలిసినవి. భారతదేశంలో ఈ పురుగు రూపాలు ఏడింటిని గుర్తించినారు. ఆ గొట్టంలోని పిల్లపురుగును లోపలినుండి తినివేసే సన్నని కందిరీగ జాతి మరొకటి ఉన్నది. వేరొక తెగులు విషయంలో, బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకొనే సాంబమసూరిని హైదరాబాదులోని కణ, అణుజీవశాస్త్ర కేంద్రంవారు, వరి పరిశోధన సంచాలకాలయంవారు కలిసి 2008 లో విడుదల చేసినారు. పరిణామము, జన్యుశాస్త్రము, కీటకశాస్త్రము, పరాన్నజీవనము — డిగ్రీలో వేరువేరు పత్రాలుగా చదివే ఇవన్నీ ఒక వరి పిలకలో కలిసి కూర్చున్నవి.

ఒక బ్లేడు, ఒక భూతద్దం ఉంటే ఆ గొట్టాన్ని నిలువునా చీల్చి చూడవచ్చును. అడుగున పురుగు ఉండవచ్చు, ప్యూపా ఉండవచ్చు, కందిరీగ తినగా మిగిలిన తొడుగైనా ఉండవచ్చు. ఒక మడిలో నూరు పిలకలకు ఎన్ని గొట్టాలైనవో లెక్కపెట్టి, పక్క మడిలోని మరొక రకంతో పోల్చి, రికార్డు పుస్తకంలో వ్రాసుకొనవచ్చును. ఆ లెక్క పొలాసవారికి పనికివస్తుంది, పొలం యజమానికి పనికివస్తుంది. వానకాలపు వరి పిలకలు తొడిగేది ఆగస్టు, సెప్టెంబరు మాసాలలో. ఉల్లికోడు కనిపించేది అప్పుడే. డిగ్రీ మొదటి సెమిస్టరు నడిచేదీ అప్పుడే.